బాధితురాలు కావలెను

నమోదు 1187, మంగళవారం

నీళ్ల మర బాగానే నడుస్తోంది. వడపోత కొంచెం మూలుగుతోంది, రేపు విప్పి కడుగుతాను. తెప్పల వాడ మొత్తానికి ఇవాళ నీళ్లు అందాయి. ఉద్యోగం చెప్పమన్న ముక్క ఇంతే, మిగిలినదంతా నా సొద. పని ముగిశాక ఈ మరలో రోజూ మాట్లాడి పెట్టాలని రూలు ఉంది గానీ, వినే నాథుడు లేడని నాకంటే ముందు ఇక్కడ చేసినావిడ చెప్పి వెళ్లింది. అందుకే ఇక్కడ చెప్పుకుంటాను. ఇంట్లో కుదరదు, మా ఇంటి గోడలు చాపలు.

పొద్దున్నే మా అత్త పేరంటాలుకీ నాకూ తగువు. పీతల పులుసులో చింతపండు ఎక్కువైందని ఆవిడ, నచ్చకపోతే మీరే వండుకోండని నేను. "నెల చింతపండంతా ఈ పూటే పిసికేసినావేటే? పంటి మీద పన్ను నిలబడ్డం లేదు" అని కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది. నా మొగుడు సూర్రావు తుపానులో పోయినప్పటి నుంచి ఈ తెప్ప మీద మిగిలింది మేమిద్దరమే. తగువు లేని పూట ఉండదు. నాకు కోపమొస్తే గిన్నెలు మోగుతాయి, ఆవిడకి కోపమొస్తే వాడంతా మోగుతుంది.

ఆ మోత చల్లారకముందే తెల్ల పడవ ఒకటి వచ్చి మా తెప్పకి ఆనింది. విచారణాధికారి లీలాధర్ గారు దిగారు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, మా అత్తకి నమస్కారం పెట్టి మరీ అడిగారు.

"నిన్న సాయంత్రం మీరు పందెం కాశారటమ్మా?"

కాసింది. వాడలో తెలియనివాళ్లు లేరు. పక్క తెప్ప భవాని పిన్నితో రోజూ కాస్తుంది. బుట్టలో పీతల్లో ఏది ముందు అంచెక్కుతుంది, ఆ మబ్బు ఇటొస్తుందా అటు పోతుందా, గుంజ మీద కొంగ ముందు ఏ కాలు ఎత్తుతుంది. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల గిన్నెలు తోమాలి. మా అత్త దాదాపు ప్రతిసారీ ఓడుతుంది. భవాని పిన్ని గిన్నెలు తోమి తోమి ఆవిడ గోళ్లు అరిగిపోయాయి. అయినా మర్నాడు సాయంత్రం అయ్యేసరికి మళ్లీ చీర కుచ్చిళ్లు దోపుకుని బుట్ట ముందు కూర్చుంటుంది.

మా అందరి మణికట్టుకీ ఉండే పట్టీలని పోయిన వారమే మార్చారు, ఆ కొత్త పట్టీ ఆవిడ గుండె దడని పట్టేసింది. భవాని పిన్నిని పట్టలేదు. ఆవిడకి గెలిచినా ఓడినా దడ లేదు, పేరంటాలక్క మాట కాదనలేక ఆడుతుందంతే. సముద్రం ఊళ్లని ముంచేసిన మునక తర్వాత, మా తాతల రోజుల్లో, తాగేనీళ్ల వాటాలు పందేల్లో ఒడ్డి సంసారాలు గుల్ల చేసుకున్నారట. అప్పటి నుంచి తెప్పల మీద ఏ పందెమూ కూడదు, గిన్నెల పందెమైనా సరే.

లీలాధర్ గారు నా వైపు తిరిగారు. "ఈవిడ పందేల వల్ల మీకేమైనా బాధ కలిగిందా? ఉన్నదున్నట్టు చెప్పండమ్మా."

ఉన్నదున్నట్టు చెప్పడానికి ఆయన మాకు చుట్టమా పక్కమా? పరాయి మనిషి గడపలోకి వచ్చి అత్త గురించి అడిగితే ఏ కోడలైనా ఏం చెబుతుందో నేనూ అదే చెప్పాను. "అబ్బే, ఎంత మాటండీ! మా అత్తమ్మ నన్ను కన్నకూతురిలా చూసుకుంటారు."

మా అత్త మాత్రం తగ్గుతుందా? "మా కోడలు బంగారమండి బాబూ. దీని సేతి పులుసు తింటే సచ్చినోడు లేచొత్తాడు" అంది. ఇద్దరం పక్కపక్కన నిలబడి పళ్లికిలించాం.

ఆయన ముఖం విప్పారింది. "అయితే బాధితులు లేరన్నమాట. చాలా మంచిది. బాధితులు లేని తప్పు నేరం కాదు, జబ్బు. దానికి శిక్ష ఉండదు, మందు ఉంటుంది. పున్నమి వెళ్లాక ఆసుపత్రి పడవ వస్తుంది" అని చెప్పి, నేనిచ్చిన నాచు టీ తాగి వెళ్లారు. "ఓలే భవానీ, శిచ్చ లేదంటే!" అని మా అత్త పక్క తెప్పకి కేకేసింది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

నమోదు 1189, గురువారం

వడపోత కడిగాను. నీళ్లు తేటగా వస్తున్నాయి.

వాడంతా మా అత్తని అదృష్టవంతురాలంటోంది. ఆసుపత్రి పడవలో మెత్తటి పరుపులట, పూటకో పండు పెడతారట. ఆవిడ అప్పుడే ఏ చీర కట్టుకెళ్లాలా అని పెట్టె విప్పింది. నేను మాత్రం నిన్న గవరయ్య బాబాయ్‌ని చూసొచ్చినప్పటి నుంచి ఏ పనీ సరిగా చేయలేకపోతున్నాను.

గవరయ్య బాబాయ్ భవాని పిన్ని మొగుడు. నాచు పులియబెట్టి చాటుగా సారా కాచుకునేవాడు. తాగి ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు, తెప్ప చివర కూర్చుని చందమామని తిట్టేవాడు. బాధితులు లేరు కాబట్టి ఆయనకీ మందే ఇచ్చారు. వానలకి ముందు వెళ్లినవాడు మొన్న తిరిగొచ్చాడు. నీళ్ల డబ్బా ఇవ్వడానికి వెళ్లి పలకరించాను.

"బాగున్నావా బాబాయ్?"

"బాగున్నానమ్మా."

అంతలో పెద్ద అల వచ్చి తెప్ప మీద పడింది. ఆయన కంచంలో అన్నమంతా ఉప్పునీళ్లయింది. ఆయన చెయ్యి ఆపలేదు. ఆ ఉప్పునీళ్ల అన్నమే కలుపుకుని తింటున్నాడు. భవాని పిన్ని పరుగున వచ్చి కంచం లాక్కుంటే చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకో కంచం పెట్టనా అని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు.

పిన్ని నన్ను పక్కకి తీసుకెళ్లింది. "తాగుడు మానిపించారు, కాదననే. ఆళ్లకి దండం పెట్టినాను కూడా. కానీ రత్తం, ఈ మనిసికి ఏదీ అక్కర్లేదే. కూర బాగుందా అంటే బాగుందంటాడు. బాలేదా అంటే బాలేదంటాడు. మొన్న ఆళ్లన్న పోయాడని కబురొత్తే, అలాగా అన్నాడు."

"మళ్లీ ఎప్పటికి మామూలవుతాడంటున్నారు?"

"ఇదే మామూలంట. ఇంకా మందుందంట, నయమైందని ఆళ్లు అనేదాకా."

నాకు భయం వేసింది. ఇంటికొచ్చి చూస్తే మా అత్త పెట్టె ముందు కూర్చుని, నేను తెచ్చిన చేపలు సరిగా తోమలేదని తిడుతోంది. రేపు ఈ మనిషి నేనేం వండినా బాగుందని తినేస్తుందేమో. ఆ ఆలోచనకే నాకు అన్నం సయించలేదు.

నమోదు 1193, సోమవారం

లీలాధర్ గారి కచేరీ తెప్పకి వెళ్లాను. మా అత్తకి మందు వద్దండీ అన్నాను. ఆయన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మెల్లగా చెప్పారు.

"మందు వద్దంటే మిగిలేది శిక్షే కదమ్మా. శిక్ష వేయాలంటే అది నేరం కావాలి. నేరం కావాలంటే బాధపడ్డ మనిషి ఒకరుండాలి. మీరేమో ఎవరూ లేరన్నారు."

"శిక్ష అంటే ఏం చేస్తారు?"

"ఉప్పు మళ్లలో ఏడాదిన్నర పని. అది అయిపోగానే వదిలేస్తాం."

"మరి మందు?"

"నయమయ్యేదాకా."

నాకు ఒళ్లు మండింది. "చెడు చేసినవాళ్లనేమో ఒకనాటికి వదులుతారు, ఎవరికీ ఏ చెడూ చేయనివాళ్లని ఎప్పటికీ వదలరా? ఇదెక్కడి న్యాయమండీ!" అన్నాను. పక్క బల్ల దగ్గరివాళ్లు తలెత్తి చూశారు.

ఆయనకి కోపం రాలేదు. "మా నాన్న నీళ్ల వాటా ఒడ్డేవాడమ్మా. మా చెల్లెలికి జ్వరమొస్తే నోరు తడపడానికి ఇంట్లో చెంబెడు నీళ్లు లేవు. అప్పటికి ఈ మందు రాలేదు. ఉంటే మా నాన్నని నా వీపు మీద మోసుకెళ్లేవాణ్ణి" అన్నారు. ఆయన గొంతులో అబద్ధం లేదు. మా అత్త ఒడ్డింది గిన్నెలండీ, నీళ్లు కాదు అన్నాను. "మా నాన్న కూడా గోళీలతోనే మొదలుపెట్టాడు" అన్నారు.

లేవబోతుంటే రూలు మొత్తం చెప్పారు. విచారణ రోజున నా మాట మార్చుకోవచ్చు. కానీ నా పట్టీని వాళ్ల పలకకి కలిపి చూస్తారు. నొప్పి నిజమైతే పలక ఎర్రబడుతుంది, కల్లబొల్లి అయితే తెల్లగా ఉండిపోతుంది. నొప్పి నిజమని తేలితే, నా రక్షణ కోసం మా అత్త నాతో ఒక తెప్ప మీద ఉండకూడదు, నన్ను పలకరించకూడదు, నా కంట పడకూడదు. శిక్ష ముగిశాక కూడా అంతే. ఆరు నెలలకోసారి వచ్చి నన్ను అడుగుతారు. నొప్పి పోయిందని తేలితే ఆ అడ్డు తీసేస్తారు.

"తీసేశాక మా ఇంటికి రావచ్చా?"

"నొప్పి పోయిందంటే బాధితులు లేనట్టే కదమ్మా. అప్పుడు మళ్లీ జబ్బు కింద చూసి మందిస్తాం."

తిరిగొచ్చేటప్పుడు పడవలో ఆ మాటల్ని ఎటు తిప్పి చూసినా నాకు దారి కనబడలేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి. మందిస్తే ఆవిడ ఇంట్లో ఉంటుంది గానీ ఆవిడగా ఉండదు. శిక్ష పడితే ఆవిడగా ఉంటుంది గానీ ఇంట్లో ఉండదు.

నమోదు 1194, మంగళవారం

నిన్న దాచి ఇవాళ మా అత్తతో చెప్పేశాను. ముందు నన్ను తిట్టింది. "ఈ వొయసులో నన్ను ఉప్పు మళ్లకి తోలాలని సూత్తన్నావేటే? సుబ్బరంగా పరుపు మీద పడుకుని పండు తిననీవా?" అంది. నేను చెయ్యి పట్టుకుని గవరయ్య బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన తెప్ప అంచున కూర్చుని ఉన్నాడు. ఎదురు గుంజ మీద కొంగ వాలి ఉంది. మా అత్త ఆయన పక్కన చతికిలబడింది. "గవరయ్యా, ఆ కొంగ ఎటు ఎగురుద్దో సెప్పు. నువ్వు తూరుపను, నేను పడమరంటాను. ఓడితే నీ వల నేను బాగుసేత్తాను."

"ఎటు ఎగిరితే ఏముందమ్మా" అన్నాడు.

"సరే, నువ్వే పడమర తీసుకో. ఎప్పుడూ అటే ఎగురుద్ది."

"నీ ఇష్టం."

కొంగ ఎగిరిపోయింది. ఆయన అటు చూడనైనా చూడలేదు. మా అత్త లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నానికి పిలిస్తే లేవలేదు. పొద్దుపోతుండగా గోడ వైపు నుంచే అంది.

"నాకు ఉప్పు మళ్లే కావాలే. ఏదో ఒకటి సెప్పి నన్ను దొంగని సెయ్. అలా మాత్రం సెయ్యనీకు."

నమోదు 1197, శుక్రవారం

నీళ్లు మామూలే. మనుషులే మామూలుగా లేరు.

మా అత్తకి బాధితులు కావాలని వాడలో గుప్పుమంది. ఇవాళ పొద్దున కచేరీ పడవ రాగానే జనం వరస కట్టారు. ఆవిడ పందెంలో కూసిన కూతలకి నా నిద్ర చెడిందని ఒకాయన. ఆవిడ ఓడిపోయి ఏడుస్తుంటే నా గుండె తరుక్కుపోయిందని ఒకావిడ. నా గిన్నెలు తోమి తోమి కళాయంతా పోగొట్టిందండీ అని భవాని పిన్ని. లీలాధర్ గారు ఓపిగ్గా ఒక్కొక్కరి పట్టీనీ పలకకి కలిపారు. అందరిదీ తెలుపే, జున్నుముక్కలా తెల్లటి తెలుపు.

"ఇంతమందికి ఆవిడంటే ఇంత ప్రేమ ఉన్నందుకు సంతోషం" అని ఆయన అన్నారు. నిజంగానే సంతోషించారు, అదీ నా ఖర్మ. నిన్న మా తెప్ప పక్కగా పడవలో పోతూ ఆవిడ చేత తిట్లు తిన్నారు కదా, పోనీ మీరే బాధితుడు కండి అని భవాని పిన్ని ఆయన్నే అడిగింది. ఆయన నవ్వి పడవెక్కారు. సోమవారం విచారణ, ఆ తర్వాత రెండు రోజులకి పున్నమి.

సాయంత్రం నేనూ మా అత్తా కూర్చుని నా బాధలు ఏరుకున్నాం. పెళ్లిలో పెట్టిన చీర పాతదని తెలిసి ఏడ్చాను కదా అని నేను. నీకు జొరమొత్తే పీతలు కడిగించినాను, అది రాసుకో అని ఆవిడ. మీ అమ్మ వచ్చినప్పుడు మొకం మాడ్సుకున్నాను కదే, అది బాగా పనికొత్తది అని మళ్లీ ఆవిడే. తిట్టిన తిట్లన్నీ ఆవిడకి నాకంటే బాగా గుర్తున్నాయి. చెబుతూ చెబుతూ ఇద్దరం నవ్వేశాం. నవ్వాక భయం ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే నవ్వొచ్చే బాధకి పలక ఎర్రబడదు.

నమోదు 1200, సోమవారం

ఇవాళ విచారణ జరిగింది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అత్తని ఒక పక్క, నన్ను ఒక పక్క కూర్చోబెట్టారు. మధ్యలో పలక. వాడవాళ్లు వెనక నిలబడ్డారు. నేను మొదట చెప్పిన మాట అబద్ధమనీ, పరువు కోసం అలా అన్నాననీ చెప్పాను. లీలాధర్ గారు తలూపారు. "అయితే ఇప్పుడు నిజం చెప్పండి."

చీర సంగతి చెప్పాను. తెలుపు. జ్వరం సంగతి చెప్పాను. తెలుపు. "మీ అమ్మ సంగతి సెప్పవే" అని మా అత్త అటు నుంచి అందించింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అదీ చెప్పాను. తెలుపే. అవి పందెం వల్ల వచ్చిన బాధలు కూడా కావన్నారు ఆయన. అప్పుడు మా అత్త ఉండబట్టలేక, "గిన్నెలు తోముతా కూకుని దీనికి పనిలో సాయం సెయ్యలేదండీ, అది పందెం వల్లే కదా" అంది. తెలుపు.

"అమ్మా, మీ ఇద్దరి మధ్యా నాకు ఆపేక్ష తప్ప ఏమీ కనబడటం లేదు" అని ఆయన పలక ఎత్తబోయారు. మా అత్త నా వైపు చూసింది. ఆ ముఖంలో అంత భయం సూర్రావు పోయిన రోజు కూడా చూడలేదు.

"ఇంకొకటుందండి" అన్నాను. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఈ మరకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నాకు ఒకసారి కడుపు నిలిచింది. సూర్రావు ఉన్న రోజుల్లో. అయిదో నెలలో మా అత్తా భవాని పిన్నీ పందెం వేసుకున్నారు. మగపిల్లాడని మా అత్త, ఆడపిల్లని పిన్ని. ఎండురొయ్యల జాడీ పందెం. అందరం నవ్వుకున్నాం, నేను కూడా. ఆ నెలలోనే కడుపు పోయింది. మూడో రోజు నేను చాప తెరకి ఇవతల పడుకుని ఉన్నాను. నిద్రపోతున్నాననుకున్నారు. మా అత్త గొంతు వినబడింది. "ఎవురూ గెలవలేదు కాబట్టి సెరి సగం తీసుకుందామే" అంది. జాడీ మూత తీసిన చప్పుడు విన్నాను. రొయ్యలు గిన్నెలోకి ఒంపిన చప్పుడు విన్నాను. ఆ పూట అవే వండి నాకు పెట్టింది. నోట్లో పెట్టుకున్నాను, నమిలాను, మింగాను. ఏమీ అనలేదు.

అదంతా చెప్పేటప్పుడు నేను ఎవరి వైపూ చూడలేదు. చెప్పడం అయ్యాక తలెత్తితే పలక ఎర్రగా ఉంది. గోరింటాకు పండినంత ఎరుపు.

వెనక భవాని పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. మా అత్త నోరు తెరుచుకుని నన్ను చూస్తోంది. "ఇన్నాదా?" అంది పిన్నితో, గాలి పీల్చినంత మెల్లగా. "అది ఇన్నాదా భవానీ?"

లీలాధర్ గారు ఆవిడని అడిగారు. "ఇది నిజమేనా అమ్మా?"

"నిజమే బాబూ. నేను సేసినాను" అంది. "ఆ పూట నాకు తల పని సెయ్యలేదు. ఏదో ఒకటి సెయ్యకపోతే పిచ్చెక్కుద్దని జాడీ తీసినాను. అయినా అది సెయ్యకూడని పనే."

ఉప్పు మళ్లలో ఏడాదిన్నర. ఇంకెప్పుడూ నా కంట పడకూడదు. ఆ క్షణం నుంచే అమలు కాబట్టి ఆవిడని వేరే పడవలో ఎక్కించారు. మేమిద్దరం కోరుకున్నది ఇదే. అనుకున్నదే జరిగింది. ఇంటికొచ్చి అలవాటుగా ఇద్దరికి బియ్యం పోశాను.

నమోదు 1203, గురువారం

ఉప్పు మళ్ల పడవ పొద్దున్నే బయలుదేరింది. నేను రేవుకి వెళ్లకూడదు. మర గదిలో తూము పక్క సందులోంచి చూశాను. ఆసుపత్రికని పక్కన పెట్టుకున్న చీరే కట్టుకుంది. భవాని పిన్ని మూట అందించింది. మా అత్త ఒక్కసారైనా ఇటు తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు. చట్టానికి భయపడే మనిషి కాదావిడ. నన్ను చూడలేకే తిరగలేదు.

నమోదు 1270, సోమవారం

వడపోత మళ్లీ మొరాయించింది, మార్చాను.

భవాని పిన్ని ఉప్పు మళ్లకి వెళ్లి చూసొచ్చింది. బాధితురాలు కాదు కాబట్టి ఆవిడ వెళ్లొచ్చు. మా అత్త చేతులు ఉప్పుకి పగిలాయట. మొదట్లో ఎవరితోనూ మాట్లాడలేదట. "ఆ మాట ఇన్నేళ్లూ కడుపులో ఎట్టుకుని నాకు అన్నం వడ్డించిందా అది, అని నన్నట్టుకుని ఏడిసిందే" అని పిన్ని చెప్పింది. చెబుతూ తనూ ఏడ్చింది. జాడీలో సగం తన ఇంటికే వెళ్లింది మరి.

"ఇప్పుడెలా ఉంది?"

"ఇప్పుడా? అక్కడ పట్టీలుండవు కదా, ఎవురి మడి ముందు ఎండుద్దో అని పందెం కాత్తందే ముసల్ది! ఓడిపోయి పదిమందికి అంబలి కాసి పెడతంది. సేతులు పగిలినా నోరు మాత్రం పగల్లేదు. కాపలా వోళ్ల వంట బాలేదని ఆళ్లనే తిడతంది."

నేను పకపకా నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఆవిడ ఆవిడలాగే ఉంది. పిన్ని నా గడ్డం పట్టుకుంది. "కోపం పోయింది కదే? పోయిందని సెప్పమంటావా? ఆ ఒక్క మాట ఇంటే దాని పేణం కుదుటపడుద్ది."

ఎప్పుడో పోయింది. విచారణలో ఆ ముఖం చూసినప్పుడే పోయింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ నేను క్షమించానని తెలిస్తే ఆవిడ ఊరుకుంటుందా? మళ్లంతా చాటింపు వేస్తుంది. అది లీలాధర్ గారి చెవిన పడితే ఆసుపత్రి పడవ వస్తుంది.

"ఇంకా కోపంగానే ఉందని చెప్పు పిన్నీ" అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసి వెళ్లిపోయింది.

నమోదు 1377, బుధవారం

సోమవారం లీలాధర్ గారు వస్తారు. ఆరు నెలలు నిండుతున్నాయి.

నాకు నిద్ర పట్టడం లేదు. పలక తెల్లగా వస్తే అంతా వృథా. పొద్దున్నుంచి ఆ రోజుని గుర్తు తెచ్చుకుంటున్నాను. జాడీ మూత, రొయ్యల చప్పుడు, నోట్లో ముద్ద. ఇదివరకు తలచుకుంటే రొయ్యల వాసన కూడా పడేది కాదు. ఇప్పుడు తలచుకుంటే తల పని చేయక జాడీ ముందు కూర్చున్న ముసలావిడ కనబడుతోంది. పాపం అనిపిస్తోంది. అలా అనిపించకూడదని చెంపలు వాయించుకున్నాను. బజారు తెప్పకి వెళ్లి ఎండురొయ్యలు కొనుక్కొచ్చి వండి చూశాను. తినగలిగాను. బాగున్నాయి కూడా. మిగిలిన కూరంతా నీళ్లలో పారబోశాను.

నొప్పి లేదని భయపడే మనిషిని ఎక్కడైనా చూశారా? ఎవరిని అడుగుతున్నానో, ఈ మర వినదు కదా.

నమోదు 1382, సోమవారం

లీలాధర్ గారు వచ్చారు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నారు. ఆయన జుట్టు ఇంకా నెరిసింది. నా పట్టీని పలకకి కలిపారు.

"భయపడకండమ్మా. ఆవిడని ఒక్కసారి తలచుకోండి, చాలు."

కళ్లు మూసుకున్నాను. జాడీని తెచ్చుకోబోయాను, రాలేదు. ఆవిడే వచ్చింది. కంచం ముందు కూర్చుని, చింతపండు ఎక్కువైందని మూతి తిప్పుతూ వచ్చింది. కుచ్చిళ్లు దోపుకుని పీతల బుట్ట ముందు చతికిలబడింది. ఓడిపోయి, నన్ను చూసి ఇకిలించింది. ఆరు నెలలుగా ఈ తెప్ప మీద నన్ను ఎవరూ తిట్టలేదు. నేను వండింది బాగాలేదని చెప్పేవాళ్లు లేరు. ఇక జన్మంతా ఉండరు. నేను క్షమించినా ఉండరు, క్షమించకపోయినా ఉండరు. చాప పట్టుకుని ముందుకు ఒరిగిపోయాను.

కళ్లు తెరిచేసరికి లీలాధర్ గారు పలకనే చూస్తున్నారు. విచారణ నాడు చూసిన ఎరుపు దీని ముందు ఏపాటిది? నా భయం పోయింది, ఏడుపు మాత్రం ఆగలేదు.

"అయ్యయ్యో, ఇన్నాళ్లయినా తగ్గలేదే! పైగా పెరిగింది" అన్నారు. ఆయన కళ్లు తడయ్యాయి, మంచి మనిషి. "ఆవిడ మిమ్మల్ని ఎంత బాధపెట్టి ఉండాలో నాకిప్పుడు అర్థమవుతోంది. శిక్ష అయ్యాక ఆవిడని ఉత్తరపు తెప్పలకి పంపించేలా ఇవాళే రాసేస్తాను. మీరు బతికుండగా ఆ మనిషి మళ్లీ మీ కంట పడదు. నిశ్చింతగా ఉండండి."

కొంగుతో ముఖం తుడుచుకుని ఆయనకి దండం పెట్టాను.

"చాలా సంతోషమండీ" అన్నాను.